దిగే ముందు లోతు చదవండి

నీళ్లంటే మా సీమవాళ్లకున్న మోజు మరెవరికీ ఉండదేమో! ఏటి ఒడ్డున పుట్టినవాడు నీటిని చూసి జాగ్రత్తపడతాడు. మేము నీటిని చూసి సంబరపడతాం. కాలవకు నీళ్లు వదిలారన్న కబురు వస్తే చాలు, ఊళ్లో పండగే. ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లి టెంకాయ కొడతారు. పిల్లలు చొక్కాలు గట్టున పారేసి దూకేస్తారు. ఆ సంబరాన్ని తప్పుపట్టే మనిషిని కాను. నేనూ నడుముకు బెండ్లు కట్టుకుని మా ఊరి బావిలో ఈత నేర్చుకున్నవాణ్నే.

కాని పాతికేళ్లకు పైగా పాత కర్నూలు, కడప జిల్లాల్లోని ప్రభుత్వ ఆస్పత్రుల్లో పనిచేసినవాణ్ని కనుక, ఆ సంబరం సాయంత్రానికి ఎలా మారుతుందో కూడా చూశాను. అందుకని ఈ వారం నీటివల్ల వచ్చే విరేచనాల గురించో, కామెర్ల గురించో రాయడం లేదు. నీటి లోతు గురించి రాస్తున్నాను. "ఆరోగ్య శీర్షికలో ఈ గొడవేమిటి డాక్టరుగారూ?" అంటారేమో! నాలుగైదు నిమిషాల్లో నిక్షేపంలాంటి మనిషిని తీసుకుపోయేది ఏదైనా ఆరోగ్య సమస్యే. 2021లో ప్రపంచం మొత్తం మీద నీళ్లలో మునిగి సుమారు మూడు లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో పావువంతు అయిదేళ్లలోపు పసివాళ్లు. ఈ చావుల్ని తగ్గించాలనే ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను ప్రత్యేక దినంగా ప్రకటించింది.

సముద్రం అడుగుకు వెళ్లొచ్చిన అబ్బాయి

ఈ విషయం మీద నన్ను ఆలోచనలో పడేసింది ఒక చిన్న పుస్తకం. అది చెవినొప్పితో వచ్చిన ఒక కుర్రాడి చేతిలో ఉంది. బెంగుళూరులో ఉద్యోగం, సెలవుకు ఇంటికి వచ్చాడు. వెంట వాళ్లమ్మ. చెవిలో లైటు వేసి చూస్తే కర్ణభేరి ఎర్రగా కమిలి ఉంది. అదృష్టం, చిల్లు పడలేదు.

"ఏమప్పా, జలుబుతో బావిలోకి దూకితివా?" అన్నాను.

"దూకలేదు సార్, మునిగితి. అండమాన్‌కు పోయింటి."

వాళ్లమ్మ అందుకుంది: "సముద్రం సూసొస్తానని పొయ్యి, సముద్రం అడుక్కు పొయ్యొచ్చినాడు సార్! మాకు చెప్పను కూడా లేదు."

ఎంత లోతుకు వెళ్లావని అడిగితే "బుక్కులో ఉంది సార్" అని సంచిలోంచి లాగ్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. స్కూబా డైవింగ్ నేర్చుకునేవాళ్లందరూ ఇలాంటిది ఒకటి పెట్టుకుంటారట. వీపున గాలి సిలిండరు, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి అడుగున చేప మాదిరి తిరగడమే స్కూబా. 1943లో ఫ్రాన్సులో కూస్తో అనే నౌకాదళ అధికారి, గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి తయారుచేసిన సాధనంతో ఇది సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు అండమాన్ దాకా పోనక్కరలేదు. మన విశాఖపట్నం రుషికొండలో ఉంది, కర్ణాటకలో మురుడేశ్వరం దగ్గరి నేత్రాణి దీవిలో ఉంది. మన ఊళ్ల పిల్లలు జీతాలు చేతికొచ్చాక వెళ్లి దిగుతున్నారు.

ఆ పుస్తకంలో ఒక పేజీ కుర్రాడు చేత్తో రాసినది: తేదీ, దిగిన వేళ, పైకి వచ్చిన వేళ, వెళ్లిన లోతు, సిలిండరులో గాలి మొదట ఎంత, చివర ఎంత, వెంట దిగిన జతగాడి సంతకం. ఎదుటి పేజీ అచ్చువేసినది. దాన్ని విడిగా కొని, రంధ్రాలు చేసి, పుస్తకంలో గుచ్చుకోవచ్చు. అది ఆ మునిగే చోటి వివరాల చీటీ. పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒక బొమ్మ, పక్కనుంచి కోసి చూపినట్టు మరో బొమ్మ. పగడపు దిబ్బ 6 మీటర్ల దగ్గర మొదలై 18 మీటర్ల దాకా వాలుగా దిగుతుందని గీత గీసి చూపారు. అడుగున ఇసుక ఎక్కడ, రాయి ఎక్కడ, ఏ నెలల్లో నీరు తేటగా ఉంటుంది, ప్రవాహం ఎటు లాగుతుంది, ఎక్కడ దిగాలి, ఎక్కడ పైకి రావాలి, పాత వల ఒకటి ఎక్కడ చిక్కుకుని ఉంది, ఎంత అనుభవం లేనివాళ్లు దిగకూడదు అన్నీ ఉన్నాయి. చివర ఒక గడిలో దగ్గరి ఆస్పత్రి, ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతుంది, ఎవరికి ఫోను చేయాలి.

నేను కుర్రాడి చెవికి మందు రాసి, ఆ పేజీని మళ్లీ చదివాను. అనుభవం ఉన్న గురువు పక్కనే దిగుతున్నా, ఆ చోటు గురించి అచ్చేసిన కాగితం చదవనిదే వాళ్లు కాలు పెట్టరు. మన పిల్లలు దూకే నీటి గురించి ఒక్క ముక్క ఎక్కడా రాసి లేదు.

డైవింగుకు వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

మీ ఇంట్లోనూ ఇలాంటి కుర్రాళ్లు ఉండవచ్చు కనుక ముందు వాళ్ల సంగతి చెప్పేస్తాను. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు మనమీద మరొక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిని మొదట కనిపెట్టేది చెవి. మధ్యచెవికి, గొంతుకు మధ్య ఒక సన్నని గొట్టం ఉంది. ముక్కు మూసుకుని నెమ్మదిగా గాలి ఊదితే ఆ గొట్టం తెరుచుకుని లోపలి ఒత్తిడి, బయటి ఒత్తిడి సమానమవుతాయి. జలుబు చేస్తే గొట్టం వాచి మూసుకుపోతుంది. మన కుర్రాడికి జరిగింది అదే. జలుబు ఉన్న రోజు డైవింగు మానుకోవడమే మందు. నొప్పి మొదలయ్యాక పంతానికి పోయి ఇంకా కిందికి దిగితే కర్ణభేరి చిరిగిపోతుంది.

రెండోది, సిలిండరు గాలి పీలుస్తూ పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. 10 మీటర్ల లోతున ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు కోరుతుంది. అది బయటికి పోయే దారి ఉండాలి.

మూడోది, గోలీ సోడా సూత్రం. సీసాలో ఒత్తిడి ఉన్నంతసేపూ గ్యాసు నీటిలో కరిగే ఉంటుంది. గోలీ కిందికి నొక్కగానే బుస్సుమని బుడగలు! లోతున పీల్చిన గాలిలోని నత్రజని మన రక్తంలో, కొవ్వులో అలాగే కరుగుతుంది. గబగబా పైకి వస్తే బుడగలు కట్టి కీళ్లనూ వెన్నుపామునూ దెబ్బతీస్తుంది. 1908లో హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు మేకల మీద పరీక్షలు చేసి, ఎంత లోతు నుంచి ఎంత నిదానంగా, ఎక్కడెక్కడ ఆగుతూ రావాలో పట్టికలు కట్టాడు. విమానంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి చివరిసారి మునిగాక కనీసం 18 గంటలు, వీలైతే ఒక రోజు ఆగి విమానం ఎక్కాలి. సెలవు అయిపోతోందని పొద్దున మునిగి సాయంత్రం విమానం ఎక్కేవాళ్లకు ఈ మాట. డైవింగు తర్వాత కీళ్లనొప్పులు, తిమ్మిర్లు, తలతిరుగుడు వస్తే "ప్రయాణం బడలికలే" అనుకోకుండా, డైవింగు చేసిన సంగతి డాక్టరుకు చెప్పండి.

ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవాళ్లు, చెవి ఆపరేషను అయినవాళ్లు, గర్భిణులు డాక్టరు సలహా లేకుండా దీని జోలికి పోవద్దు. ఫారం మీద "జబ్బులేమీ లేవు" అని గుడ్డిగా సంతకం పెట్టకండి. ఆ ఫారం మీ కోసమే.

రిజిస్టరులో లేని గడి

ఇక మన నీటి సంగతికి వద్దాం. నీట మునిగినవారిని ఆస్పత్రికి తెచ్చినప్పుడు మేము మెడికో లీగల్ రిజిస్టరులో రాసుకుంటాం: పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఎవరు తెచ్చారు, ఎన్ని గంటలకు, స్థితి, పోలీసులకు కబురు పంపిన వేళ. మనిషి గురించి అన్ని గడులూ ఉన్నాయి. ఆ నీటి గురించి ఒక్క గడీ లేదు.

చాలా ఏళ్ల కిందట ఒక కాలవ ఒడ్డు ఊరి నుంచి ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని తెచ్చారు. అప్పటికే అంతా అయిపోయింది. వాళ్లమ్మ ఏడుపు ఆపి, గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరినీ ఉద్దేశించకుండా ఒక మాట అడిగింది: "ఆ మలుపు కాడ అంత లోతుందని యెవురికీ తెలీదా?"

వెనకాల నిలబడ్డ కాలవ లస్కరు తలవంచుకుని, "తెలుసమ్మా. తూము కింద నీళ్లు కోసి కోసి గుంత పడింది. ఇద్దురు మనుషుల లోతుంటాది" అన్నాడు.

ఆ గదిలో మరెవరమూ మాట్లాడలేదు. లస్కరు తప్పేమీ లేదు. అతన్ని అడిగినవాడు లేడు. ప్రతి ఊళ్లోనూ ఇలాగే, నీటి లోతు ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. లస్కరుకు తెలుసు, చేపలు పట్టేవాడికి తెలుసు, మోటారు దించిన మేస్త్రీకి తెలుసు, బట్టలు ఉతికే చాకలికి తెలుసు. తెలియంది దూకే పిల్లవాడికే. అందరికీ తెలిసిన సంగతిని కాగితం మీద పెట్టడమే ఆ అండమాన్ చీటీ చేసిన పని.

మన నీళ్లు ఒక్కొక్కటీ ఒక్కో రకం

"ఈతకు మించిన లోతు లేదు" అని మనవాళ్లంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. మా దగ్గరకు వచ్చినవాళ్లలో ఈత వచ్చినవాళ్లు తక్కువేం కాదు. ఒక నీటిలో నేర్చుకున్న ఈత మరో నీటిలో పనికిరాకపోవచ్చు. ఎందుకో చూడండి.

బావి: మన దిగుడు బావుల్లో నీటిమట్టం నెలనెలకూ మారుతుంది. సంక్రాంతికి రెండు నిలువుల నీరున్న బావిలో ఉగాది దాటేసరికి నడుములోతే మిగలవచ్చు. కిందటిసారి దూకిన ధీమాతో తల కిందికి పెట్టి దూకితే, తల అడుగున తగిలి మెడ ఎముక విరుగుతుంది. ప్రాణం దక్కినా కాళ్లూ చేతులూ పడిపోయి జీవితమంతా మంచానికే. పాత పైపులు, ఇనుప చువ్వలు, విరిగిన రాతిమెట్లు నీటి కింద ఉంటాయి. మోటారు వైర్ల అతుకులు నీటికి తగులుతుంటే కరెంటు షాకు. పాచి పట్టిన మెట్టు సంగతి చెప్పనే అక్కరలేదు.

అడుగు మట్టి తెచ్చే పందెం మనందరం కాసినదే. అందులో ఒక ప్రమాదం ఉంది. మునిగే ముందు పదిసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలితే ఎక్కువసేపు ఉండగలమని పిల్లలు అనుకుంటారు. నిజానికి అలా చేస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోమని మెదడును హెచ్చరించేది ఆ వాయువే. హెచ్చరిక రాదు, ఆక్సిజన్ అయిపోతుంది, నీటి అడుగునే స్పృహ తప్పుతుంది. మంచి ఈతగాళ్లకే ఈ గండం ఎక్కువ.

వాడకంలో లేని బావిలో పూడిక తీయడానికి దిగేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. లోపల గాలి చెడి ఉండవచ్చు. ఒకడు పడిపోతే వాణ్ని తీయడానికి మరొకడు, అతని కోసం ఇంకొకడు దిగి ముగ్గురూ పోతారు. లాంతరు దించి చూడటం మంచిదే కాని అది అన్ని విషవాయువులనూ పట్టివ్వదు. బావిలోకి ఆయిలు ఇంజను దించి నడిపితే వచ్చే పొగ వాసనకు అందని విషం. పడిపోయినవాడి కోసం వెంటనే దిగకుండా 101కు ఫోను చేసి ఫైరువాళ్లను పిలవండి.

కాలవ: మన కర్నూలు–కడప కాలవను, అదే కె.సి. కెనాల్‌ను, 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. తుంగభద్ర మీది సుంకేసుల నుంచి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు. సాగునీటికే కాక పడవలు నడపడానికి కూడా అని కట్టారు. పడవలు పోయే లెక్కన కట్టిన కాలవ అంటే పిల్లకాలవ కాదని అర్థం. కాలవ నీరు చూడటానికి నిదానంగానే ఉంటుంది. సెకనుకు ఒక మీటరు ప్రవాహం ఉంటే మామూలు ఈతగాడు దానికి ఎదురీదలేడు. సిమెంటు వేసిన వాలు గట్టు పాచిపట్టి జారుతుంది. ఒడ్డుకు చేరినా పైకి ఎక్కలేడు. తూముల దగ్గర, నీరు కిందికి దుమికే చోట సుడి లోపలికి లాగుతుంది. పైగా నిన్న మోకాటిలోతు ఉన్న కాలవకు రాత్రి నీళ్లు వదిలి ఉండవచ్చు. కొట్టుకుపోతుంటే ఎదురీదవద్దు. వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు పెట్టి, ప్రవాహంతోపాటే ఏటవాలుగా ఒడ్డువైపు జరగాలి.

రాతి గుంతలు: బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండలు తీసిన గుంతల్లో వాననీరు నిలుస్తుంది. ఇవి బావికన్నా ప్రమాదం. మెట్లు ఉండవు, గోడలు నిట్టనిలువుగా కోసి ఉంటాయి. ఒక అడుగు దాకా మోకాటిలోతు, మరో అడుగు వేస్తే అంతు ఉండదు. నీరు తేటగా, పచ్చగా, అందంగా పిలుస్తుంది. తేటనీరు లోతును దాస్తుందని మరవకండి. కాంతి వంగడం వల్ల 8 అడుగుల నీరు 6 అడుగులున్నట్టు కనపడుతుంది. పొట్టి పిల్లవాడికి ఆ రెండడుగులే ప్రాణం. మహానంది కోనేరు చూడండి, అడుగున పడిన రూపాయి బిళ్ల కనపడేంత తేట. అయినా అక్కడ భయం తక్కువ. ఎందుకంటే ఆ లోతు ఎప్పుడూ దాదాపు అయిదడుగులే అని అందరికీ తెలుసు, చుట్టూ మెట్లున్నాయి, చుట్టూ జనమున్నారు. తేటనీరు అక్కడా ఉంది, రాతి గుంతలోనూ ఉంది; తెలిసిన లోతు అక్కడే ఉంది.

జలాశయం: "శ్రీశైలం నీటిమట్టం 880 అడుగులు" అని పేపర్లో చదువుతాం. పూర్తి మట్టం 885. ఇది సముద్రమట్టం నుంచి ఎత్తు. మీరు స్నానానికి దిగే చోటి లోతు కాదు. ఆ లోతు ఏ పేపరూ వేయదు. సంగమేశ్వరం గుడినే తీసుకోండి. ఎండాకాలంలో నడిచి వెళ్లి దండం పెట్టుకునే గుడి, వరద వచ్చాక నీటి కింద ఉంటుంది, మీద పడవ పోతుంది. అంటే ఒకే చోటు, రెండు కాలాలు, రెండు చీటీలు కావాలి. అవుకు, మైలవరం, గండికోట జలాశయాల ఒడ్డులూ అంతే. నీరు తగ్గినప్పుడు బయటపడిన ఒడ్డున బురద పైకి ఆరినట్టు కనిపిస్తుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది.

పుష్కరాలప్పుడు చూడండి. ఘాటు కడతారు, ఇంతవరకే రమ్మని అడ్డు కడతారు, మైకులో చెబుతారు, గజ ఈతగాళ్లను నిలబెడతారు. పన్నెండు రోజులూ ఆ నీటికి చీటీ ఉంటుంది. పదమూడో రోజు నుంచి పన్నెండేళ్ల దాకా ఉండదు.

ఇంటి నీళ్లు: పట్నం పాఠకులు "మాకు బావీ లేదు, కాలవా లేదు" అనుకోకండి. మూత సరిగా లేని సంపు ఉంది, నిండా పట్టిన బకెట్టు ఉంది, గంగాళం ఉంది. ఏడాది పిల్లవాడు బకెట్టులోకి తొంగిచూసి తలకిందులైతే తనంతట తాను లేవలేడు. అరుపు కూడా వినపడదు. సంపు మూతకు గడియ పెట్టండి, వాడని బకెట్టు బోర్లించండి.

ఒక్క కాగితం

డైవర్ల చీటీ చూశాక, నేను అప్పుడు పనిచేస్తున్న ఊళ్లో హెడ్‌మాస్టరుగారితో చెప్పాను. ఆయన ఒక ఆదివారం లస్కరును, చేపలు పట్టే ఇద్దరిని, పదో తరగతి పిల్లల్ని కూడగట్టారు. మూరమూరకూ ముడివేసిన తాడు, చివర ఒక రాయి. పిల్లలెవరూ నీళ్లలో దిగలేదు. గట్టు మీద నుంచి, వంతెన మీద నుంచి పెద్దవాళ్లు తాడు వదిలితే పిల్లలు లెక్క రాశారు. సాయంత్రానికి ఊరి చుట్టూ ఉన్న అయిదు నీళ్లకు అయిదు కాగితాలు తయారయ్యాయి. అవి బడి గోడ మీద రంగుతో రాయించారు. ఖర్చు రంగుడబ్బాకే.

ఆ కాగితంలో ఏముండాలో రాస్తాను. మీ ఊళ్లోనూ చేయండి.

1. నీటి పేరు, ఊరివాళ్లు పిలుచుకునే పేరే.
2. ఎండాకాలంలో లోతు, వానాకాలంలో లోతు. అడుగుల్లోనే కాక మొలలోతు, గొంతులోతు, నిలువు అని కూడా.
3. అడుగున ఏముంది? ఇసుకా, బురదా, రాయా?
4. దిగే చోటు, ఎక్కే చోటు. దిగకూడని చోటు బొమ్మలో ఎర్రగా.
5. ప్రవాహం ఎటు? నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఎవరిని అడిగితే తెలుస్తుంది?
6. నీటి కింద దాగినవి: పైపులు, చువ్వలు, ముళ్లకంప, వైర్లు.
7. తాడు, గాలి నింపిన ట్యూబు ఎక్కడ వేలాడదీశారు? ఊళ్లో ఈతగాడెవరు?
8. 108 నంబరు, దగ్గరి ఆస్పత్రికి ఎంత దూరం.
9. కొలిచిన తేదీ. తేదీ లేని లోతు పనికిరాదు. ఏటా రెండుసార్లు మళ్లీ కొలవాలి.

ఇక లాగ్‌బుక్కులోని రెండో పేజీ నుంచి కూడా ఒక మంచి అలవాటు తీసుకోవచ్చు. అందులో జతగాడి సంతకం లేనిదే లెక్క పూర్తికాదని చెప్పాను కదా. మన పిల్లలకు సంతకాలు అక్కరలేదు కాని, ఒంటరిగా దిగకూడదన్న నియమం కావాలి. మూర్ఛ ఉన్నవాళ్లు ఈత వచ్చిన పెద్దవాళ్లు పక్కన లేకుండా అసలే దిగకూడదు. తాగి దిగేవాడికి ఏ కాగితమూ అడ్డు రాదు. వాణ్ని ఒడ్డునే ఆపాలి. అయిదేళ్లలోపు పిల్లలు మీ చేతికి అందేంత దూరంలో ఉండాలి.

మునిగితే ఏం చేయాలి?

ఒకరు మునుగుతుంటే ఈత రానివాళ్లు దిగవద్దు. అక్కను తీయబోయి చెల్లెలు, చెల్లెల్ని తీయబోయి తల్లి పోయిన ఇళ్లు ఉన్నాయి. చీర విసరండి, తువ్వాలు విసరండి, కర్ర అందించండి, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసిరితే దాన్ని పట్టుకుని తేలతారు. కేకలు వేసి జనాన్ని పిలవండి.

బయటికి తీశాక కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం, కడుపు మీద నొక్కి నీళ్లు కక్కించడం చేయకండి. కడుపులోని నీళ్లతో పోయేది లేదు. మనకు కావలసింది ఊపిరితిత్తుల్లోకి గాలి. ఉప్పుకుప్పలో పూడ్చిపెడితే బతుకుతారన్న మాట పూర్తిగా అబద్ధం. విలువైన నిమిషాలు అందులోనే పోతాయి. మెదడు గాలి లేకుండా నాలుగైదు నిమిషాలకు మించి తట్టుకోలేదు.

గట్టిగా పిలిచి కదపండి. పలక్కపోతే, ఊపిరి ఆడకపోతే, ఒకరు 108కి ఫోను చేయాలి, మరొకరు పని మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రొమ్ము లేచేలా రెండుసార్లు నుంచి అయిదుసార్లు గాలి ఊదండి. నీట మునిగినవారికి గాలి ముందు. తర్వాత రొమ్ము నడుమ అరచేయి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, పెద్దవాళ్లకు రెండంగుళాల లోతుకు దిగేలా 30 సార్లు నొక్కండి. మళ్లీ రెండుసార్లు ఊదండి. అంబులెన్సు వచ్చేదాకా, లేదా మనిషి కదిలేదాకా ఆపవద్దు. వాంతి అయితే పక్కకు తిప్పి నోరు తుడవండి. తల కిందికి పెట్టి దూకినవాడైతే మెడ తిప్పకుండా, వంచకుండా జాగ్రత్తగా కదపండి.

లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా ఆస్పత్రికి తీసుకురండి. లోపలికి పోయిన నీరు కొన్ని గంటల తర్వాత దగ్గు, ఆయాసం తేవచ్చు. ఆరు నుంచి ఎనిమిది గంటలు కనిపెట్టి చూసి, అప్పుడు ఇంటికి పంపుతాం. తడిబట్టలు తీసేసి దుప్పటి కప్పండి.

హంద్రీ–నీవా నీరు ఇప్పుడు ఎన్నో ఏళ్లుగా ఎండిన చెరువులకు చేరుతోంది. అది మన అదృష్టం. కాని ఆ చెరువు ఎండి ఉండగా అందులో క్రికెట్టు ఆడిన పిల్లలకు, మట్టి తోలిన గుంతలు ఎక్కడెక్కడ ఉన్నాయో పైన నీళ్లు నిండాక గుర్తుండదు. ఆ గుంతలు తవ్వినవాళ్లు మీ ఊళ్లోనే ఉన్నారు. వాళ్లను అడగండి. పిల్లలకు ఈత నేర్పించండి, అది మంచి వ్యాయామం కూడా. నేర్పించే ముందు ఒక తాడు, ఒక రాయి, ఒక తెల్లకాగితం పట్టుకుని, ఊరి పెద్దల్లో ఇద్దరిని వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్లండి. బడి సెలవులు ఇవ్వకముందే ఆ పని అయిపోవాలి.